మళ్ళీ మళ్ళీ వేధించే భుజం: ఆటల్లో ఉన్న కుర్రకారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడేదాన్ని. 19 ఏళ్ళప్పుడు ఒక ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లో, పక్కమ్మాయి చెయ్యి పట్టుకుని చైన్‌లో ఉండగా రైడర్ మా ఇద్దరి మధ్య నుంచి దూసుకుపోయింది. నా కుడి చెయ్యి వెనక్కి మెలిపడి భుజం జారింది. తర్వాత రెండున్నరేళ్ళలో ఇంకో నాలుగుసార్లు జారింది. 22వ ఏట ఆపరేషన్ అయింది. ఇప్పుడు సాయంత్రాలు మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో జూనియర్లకు కోచింగ్ ఇస్తున్నాను. వాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ, వేరే ఆటల పిల్లలూ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. నేను డాక్టర్ని కాను. నా భుజం నేర్పిందీ, నాకు వైద్యం చేసినవాళ్ళు ఓపిగ్గా చెప్పిందీ రాస్తున్నాను. మీ భుజాన్ని మాత్రం ఒక ఆర్థోపెడిక్ డాక్టరో, ఫిజియోథెరపిస్టో చేత్తో పట్టి చూడాల్సిందే.

ఒకసారి జారిన భుజం మళ్ళీ మళ్ళీ ఎందుకు జారుతుంది? నాకు బలం చాలకనా?

బలం చాలక కాదు. భుజం తయారైన తీరే అంత. తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజంలో గిన్నె లోతు చాలా తక్కువ, టీ సాసరంత. దాని మీద చేతి ఎముక తల బంతిలా ఆనుకుని ఉంటుంది. అందుకే చెయ్యి తల మీదకీ, వీపు వెనక్కీ, పక్కలకీ అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే ఒంట్లోని పెద్ద కీళ్ళన్నిటిలో ఎక్కువగా జారేది కూడా ఇదే.

ఆ సాసరు చుట్టూ లాబ్రమ్ అనే, మెత్తగా ఉన్నా గట్టిదైన అంచు ఉంటుంది. చెరువుకి గట్టు ఎలాగో దీనికి ఇది అలాగ. భుజం ముందుకు జారినప్పుడు (నూటికి 95 సార్లు ముందుకే జారుతుంది) ముందువైపు గట్టుకి గండి పడుతుంది. దీన్ని 1923లో వివరంగా రాసిన ఇంగ్లండ్ సర్జన్ పేరు మీదే డాక్టర్లు దీన్ని బ్యాంకార్ట్ లీజన్ అంటారు. మీ రిపోర్టులో ఆ మాట కనిపిస్తే కంగారు పడకండి, గండి అని చదువుకోండి. బంతి బయటికొచ్చి సాసరు అంచుకు గుద్దుకోవడంతో దాని వెనకవైపు సొట్ట కూడా పడుతుంది. అది హిల్ శాక్స్.

వారం పది రోజుల్లో నొప్పి పోతుంది. చెయ్యి లేస్తుంది. బాగైపోయిందనుకుంటాం. వరద తగ్గిందని గండి పూడ్చకుండా వదిలేసినట్టే ఇది. నొప్పి తగ్గడం వేరు, భుజం బాగుపడడం వేరు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి నన్ను చూసిన ఆసుపత్రిలో భుజం సరిచేసి, స్లింగ్ (చెయ్యిని మెడకి వేలాడదీసే పట్టీ) వేసి, మాత్రలు రాసి పంపేశారు. ఫిజియోథెరపీ అన్న మాటే రాలేదు. ఐదో వారానికి నేను కబడ్డీ కోర్టులో ఉన్నాను, ఏడో వారానికి మళ్ళీ క్యాజువాలిటీలో ఉన్నాను.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది, అదీ మనం అనుకునేదానికి తలకిందులుగా. కుర్రవాళ్ళకి త్వరగా మానుతుందని అందరూ అంటారు. జారే భుజం విషయంలో మాత్రం 20 ఏళ్ళ లోపు వాళ్ళకి, అందులోనూ ఒంటికి ఒళ్ళు తగిలే ఆటలు ఆడేవాళ్ళకి, మళ్ళీ జారే ప్రమాదం అందరికంటే ఎక్కువ. సగానికి సగం మందికి పైగానే మళ్ళీ జారుతుంది. నలభై దాటినవాళ్ళకి ఆ ప్రమాదం తక్కువ. కానీ వాళ్ళకి కండని ఎముకకి పట్టి ఉంచే తాళ్ళు, అంటే టెండన్లు, చిరిగే అవకాశం ఎక్కువ.

గ్రౌండ్‌లో భుజం జారింది. పక్కనున్నవాళ్ళు లాగి సరిచేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఊళ్ళో ప్రతి గ్రౌండ్‌కీ "నేను చిటికెలో ఎక్కిస్తా" అనే అన్న ఒకరుంటాడు. రెండోసారి జారినప్పుడు మా టీం మేనేజర్‌ని చాలామంది తొందరపెట్టారు, "లాగించండి సార్, లేటైతే బిగుసుకుపోద్ది" అని. ఆయన ఒప్పుకోలేదు. ఎక్స్‌రే తీస్తే బంతి పక్కన చిన్న ముక్క విరిగి ఉంది. అప్పుడు లాగి ఉంటే ఆ ముక్క ఎక్కడికి పోయేదో!

ఎముక విరిగిందో లేదో బయటికి తెలియదు. భుజం చుట్టూ తిరిగి వెళ్ళే ఒక నరం, పెద్ద రక్తనాళం ఆ పక్కనే ఉంటాయి. అడ్డదిడ్డంగా లాగితే అవి దెబ్బతింటాయి.

చెయ్యి ఏ భంగిమలో ఉంటే తక్కువ నొప్పిగా ఉందో అలాగే ఉంచి, చున్నీతోనో తువ్వాలుతోనో మెడకి ఊతంగా కట్టండి. ఒంటికీ చేతికీ మధ్య చిన్న దిండు గానీ మడిచిన జెర్సీ గానీ పెట్టండి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, ఆసుపత్రిలో మత్తు ఇవ్వాల్సి రావచ్చు. బండి వెనక కూర్చోబెట్టి గతుకుల్లో తీసుకెళ్ళకుండా ఆటోనో కారో చూడండి, లేదంటే 108కి ఫోన్ చేయండి.

దారిలో రెండు విషయాలు గమనించండి. భుజం కింద, చొక్కా చేతి మీద బ్యాడ్జి కుట్టే చోట, ముట్టుకుంటే స్పర్శ తెలుస్తోందా? వేళ్ళు వెచ్చగా, మామూలు రంగులో ఉన్నాయా? మొద్దుబారినా, చల్లబడి నీలంగా మారినా వెళ్ళగానే డాక్టర్‌కి మొదటి మాటగా అదే చెప్పండి.

ఇంకో మాట. ఫిట్స్ వచ్చినా, పొలంలో మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టినా భుజం వెనక్కి జారవచ్చు. ఇది అరుదు. మామూలు ఎక్స్‌రేలో కంటికి చిక్కకుండా పోతుంది కూడా. షాకు తగిలిన తర్వాత చెయ్యి బయటికి తిప్పలేకపోతుంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

పుత్తూరు కట్టు కట్టించుకుంటే సరిపోతుందా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళని నేను తక్కువగా చూడను. తిరుపతి దగ్గరి పుత్తూరుకి ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్తారు. మా తాతయ్య మణికట్టుకి ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టిన కట్టు నేను కళ్ళారా చూశాను. ఎముకని కదలకుండా బిగించి ఉంచడమే ఆ పద్ధతిలోని బలం.

మన బాధ ఎముకది కాదు. గట్టుకి పడ్డ గండి. పైనుంచి ఎంత బిగించి కట్టినా ఆ అంచు తన చోటికి వచ్చి అతుక్కుంటుందన్న భరోసా లేదు. మూడు నెలలు కదపకుండా ఉంచితే ఇక జారదనుకోవడం కూడా పొరపాటే. పైగా భుజం బిగుసుకుపోతుంది, కండ తగ్గిపోతుంది. కట్టు కట్టించుకోవాలనే అనుకుంటే కూడా ముందు ఎక్స్‌రే తీయించి, బంతి గిన్నెలో ఉందని డాక్టర్ చూశాకే వెళ్ళండి. జారిన భుజం జారినట్టుగానే ఉండగా కట్టేస్తే వారాలు గడిచాక సరిచేయడం చాలా కష్టమవుతుంది.

నాకు ఎప్పుడూ జారలేదు. బౌలింగ్ వేసినా, స్మాష్ కొట్టినా ఏడాదిగా నొప్పి. ఇది కూడా అదేనా?

చాలావరకు వేరే. భుజం బంతిని గిన్నెకి అదిమి పట్టే నాలుగు చిన్న కండరాలున్నాయి, అన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. చెయ్యి తల పైకెత్తి వేలసార్లు విసిరే ఆటల్లో, అంటే ఫాస్ట్ బౌలింగ్, బ్యాడ్మింటన్, వాలీబాల్, జావెలిన్, ఈతలో, అవి అలసిపోయి వాచిపోతాయి. చెయ్యి పక్కకి ఎత్తుతుంటే సగం దూరంలో చురుక్కుమని, ఇంకా పైకి పోయాక తగ్గడం దీని గుర్తు. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోవడం ఇంకో గుర్తు.

దీనికి ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. చెయ్యాల్సింది లెక్క రాసుకోవడం. వారానికి ఎన్ని బంతులు వేశారో, ఎన్ని సర్వులు కొట్టారో ఒక నోట్‌బుక్కులో రాయండి. పరీక్షలైపోయాక సెలవుల్లో ఒక్కసారిగా రోజూ మూడు గంటలు ఆడడం మొదలుపెట్టినవాళ్ళకే ఇది ఎక్కువగా వస్తుంది. పూర్తిగా మానేయడం కాదు, నొప్పి మరుసటి రోజు పొద్దుటికి పెరగనంత మేరకు తగ్గించి, బలం పెంచుకుంటూ మళ్ళీ మెల్లగా ఎక్కించాలి. ఆరు వారాలు సరిగా చేసినా తేడా కనిపించకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

పాతికేళ్ళవాళ్ళు "నాది ఫ్రోజెన్ షోల్డర్ అంట" అని చెబుతుంటారు. అది ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళకి, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళకి వచ్చేది. ఆ వయసు కాకపోతే ఇంకొకరికి చూపించుకోండి.

ఎక్స్‌రే నార్మల్ అన్నారు. ఇంక ఏమీ లేనట్టేనా?

ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది. గట్టు, టెండన్లు కనిపించవు. వాటికి ఎమ్మారై కావాలి. లాబ్రమ్ చిరుగు బాగా కనబడాలంటే కొన్నిసార్లు కీలులోకి మందు ఎక్కించి తీస్తారు. సాసరు అంచు ఎంత అరిగిందో కొలవాలంటే సీటీ స్కాన్.

కానీ స్కాన్ కన్నా ముందు డాక్టర్ మీ చెయ్యి పట్టుకుని తిప్పి చూశారా అన్నది చూడండి. మోచెయ్యి మడిచి, పక్కకెత్తి, వెనక్కి తిప్పుతుంటే "అమ్మో, జారిపోతుంది" అని ఒళ్ళు బిగుసుకుంటుంది చూడండి, ఆ భయమే ఒక పరీక్ష. నన్ను మూడోసారి చూసిన డాక్టర్ స్కాన్ తెరవకముందే ఆ ఒక్క పరీక్షతో సంగతి చెప్పేశారు.

ఎక్సర్‌సైజులు ఏం చేయాలి? జిమ్, మెషీన్లు లేకుండా కుదురుతుందా?

కుదురుతుంది. నావి దాదాపు అన్నీ మా వంటింటి గుమ్మం దగ్గరే జరిగాయి.

సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చుకుని, నిలువునా కోసి కిటికీ ఊచకి కట్టాను. చంకలో చేతి తువ్వాలు చుట్టి పెట్టుకుని, మోచెయ్యి ఒంటికి ఆనించి, లంబకోణంలో మడిచి, ట్యూబుని మెల్లగా బయటికి లాగాలి. మెల్లగా అంటే, లాగడానికి రెండు అంకెలు, వదలడానికి నాలుగు అంకెలు లెక్కపెట్టుకోవాలి. తువ్వాలు కింద పడిందంటే మోచెయ్యి పక్కకి పోతోందని, తప్పు చేస్తున్నారని అర్థం. మా ఫిజియో మేడమ్ వేరే ఏమీ చూడకుండా ఆ తువ్వాలునే చూసేవారు. తర్వాత అటు తిరిగి నిలబడి లోపలికి లాగాలి. పది, పన్నెండు చొప్పున మూడు విడతలు.

దానికంటే ముందు దశలో కదలిక లేకుండా బలం పెట్టాలి. గుమ్మానికి పిడికిలి బయటివైపు ఆనించి, చెయ్యి కదలకుండా ఐదు సెకన్లు నెట్టి వదలాలి.

అందరూ మరిచిపోయేది రెక్క ఎముక. వీపు మీద బల్లపరుపుగా ఉండే ఆ ఎముకే భుజం గిన్నెకి పునాది. అది వదులుగా వేలాడుతుంటే పైన ఎంత బలం పెంచినా లాభం లేదు. ట్యూబుని రెండు చేతులతో పట్టుకుని, బావిలో చేద లాగినట్టు మోచేతులు వెనక్కి లాగి, రెక్కలు రెండూ దగ్గరికి తేవాలి. గోడకి ఆనించి పుషప్స్, తర్వాత బల్ల మీద, తర్వాతే నేల మీద. బరువులకి నీళ్ళు నింపిన లీటరు బాటిల్, దాదాపు కిలో.

చెయ్యి పైకి లేవడానికి గోడ మీద వేళ్ళతో పాకించాలి. మా అమ్మ ప్రతి ఆదివారం నా వేలు చేరిన చోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసేది. ఆ గీతలు ఒక వారం రెండంగుళాలు పెరిగేవి, మూడు వారాలు అక్కడే ఆగిపోయేవి. ఆగిపోయిన మూడు వారాల్లోనే మానేయాలనిపిస్తుంది. మొన్న సున్నం వేయించేటప్పుడు ఆ గుమ్మం పక్కన మాత్రం వేయనివ్వలేదు.

ఏ దశలో ఏది చేయాలన్నది మీ భుజాన్ని చూసిన ఫిజియోనే చెప్పాలి. రోజూ సిట్టింగులకి వెళ్ళలేకపోతే ఆ మాట దాచుకోకుండా చెప్పండి. రెండు వారాలకోసారి వెళ్ళి కొత్తవి నేర్చుకుని మిగతావి ఇంట్లో చేసుకునేలా చాలామంది రాసిస్తారు. కరెంటు పెట్టించుకుని, వేడి పెట్టించుకుని వచ్చేయడమే ఫిజియోథెరపీ అనుకోకండి. అవి హాయిగా ఉంటాయి, అంతే. బలం ట్యూబు దగ్గర వస్తుంది.

స్లింగ్‌తో రోజులు ఎలా గడపాలి?

ఇవన్నీ నేను పడుతూ లేస్తూ నేర్చుకున్నవి.

చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. తల మీంచి తొడిగే టీషర్టులు పక్కనపెట్టి, ముందు గుండీలున్నవి వాడండి. అమ్మాయిలకి ముందు హుక్కులున్న లోదుస్తులే సుఖం. జడ ఒంటిచేత్తో వేసుకోలేం. నేను ఆరు వారాలు అమ్మ చేత వేయించుకున్నాను, మొదటి వారం ఏడుపొచ్చేది, తర్వాత అదే మేమిద్దరం కబుర్లు చెప్పుకునే వేళ అయింది.

స్నానానికి స్టూలు వేసుకుని కూర్చోండి. స్లింగ్ తీశాక ముందుకు కొద్దిగా వంగి చెయ్యిని ఊరికే వేలాడనిస్తే చంక శుభ్రం చేసుకోవడానికి వీలవుతుంది. చంకలో చెమటకి ఒరుసుకుపోయి పుండు పడుతుంది, మన ఎండలకి మరీను. మెత్తటి నూలు గుడ్డ ఒకటి అక్కడ పెట్టుకోండి.

స్లింగ్‌లో ఉన్నా వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి రోజుకి నాలుగైదుసార్లు కదిలించాలి. లేకపోతే భుజం బాగయ్యేలోపు మోచెయ్యి బిగుసుకుంటుంది.

కుడిచేతివాటం వాళ్ళకి అన్నం దగ్గరే అసలు ఇబ్బంది. ఎడమచేత్తో తినడానికి పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తే స్పూను తీసుకోండి. కాలేజీ పరీక్షలుంటే డాక్టర్ సర్టిఫికెట్‌తో ముందుగానే ప్రిన్సిపల్‌ని కలిసి, రాసిపెట్టే మనిషిని ఇస్తారేమో అడగండి.

రాత్రి నిద్ర పట్టడం లేదు.

వెల్లకిలా పడుకుని, మోచేతి కింద ఒక దిండు పెట్టుకోండి, మోచెయ్యి వీపు కన్నా కిందకి జారకూడదు. మొదటి రోజుల్లో వీపుకి దిండ్లు పేర్చుకుని సగం కూర్చున్నట్టు పడుకుంటే నయం. జారే భుజం ఉన్నవాళ్ళు చెయ్యి తల కింద పెట్టుకుని పడుకునే అలవాటు మానుకోవాలి. నాకు నాలుగోసారి జారింది నిద్రలోనే. అర్ధరాత్రి కేక పెట్టి లేచాను. నిద్రలో జారేదాకా వచ్చిందంటే ఇక ఎక్సర్‌సైజులతోనే గట్టెక్కుతామని కూర్చోకుండా సర్జన్‌ని కలవాలి.

బస్సులో, బండి మీద ఏం జాగ్రత్త?

బస్సులో నిలబడి పైకమ్మీ పట్టుకోవద్దు. చెయ్యి పైకెత్తి ఉండగా డ్రైవర్ బ్రేకు వేస్తే భుజం మీద పడే మెలిక, కబడ్డీలో పడేదే. సీటు వెనక కడ్డీని మంచి చేత్తో పట్టుకోండి. కదులుతున్న బస్సు ఎక్కడం ఆపేయండి. స్కూటీని సెంటర్ స్టాండ్ మీదకి లాగడం, వెనక సీటు మీది బ్యాగు కోసం చెయ్యి వెనక్కి చాచడం, ఇలాంటివాటిలోనే చాలామందికి జారుతుంది. స్లింగ్ ఉన్నన్నాళ్ళూ బండి నడపొద్దు.

నొప్పికి మాత్రలు, ఇంజెక్షన్లు వాడొచ్చా?

డాక్టర్ రాసినన్ని రోజులు వాడండి. మ్యాచ్‌కి ముందు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని ఖాళీ కడుపుతో వేసుకుని దిగడం మాత్రం మా గ్రౌండ్‌లో నేను చూసిన అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. కడుపులో పుండు, ఎండలో చెమట పోతుండగా కిడ్నీల మీద భారం. నొప్పి తెలియకపోవడం వల్ల గండి ఇంకా పెద్దదవుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపు నొప్పికి కొన్ని వారాలు ఊరట ఇస్తుంది, జారే భుజాన్ని బిగించదు. పదేపదే వేయించుకుంటే టెండన్లు బలహీనపడతాయి.

ఆపరేషన్ చేయించుకోవాలా? ఎప్పుడు?

అందరికీ అక్కర్లేదు. ఒకసారే జారి, ఆటలో ఒళ్ళు తగిలే పని లేకపోతే మూడు నాలుగు నెలల గట్టి ఫిజియోతో చాలామంది నెట్టుకొస్తారు. రెండు మూడుసార్లు జారినా, చిన్న పనులకే జారుతున్నా, ఎముక అంచు అరుగుతున్నా సర్జన్ ఆపరేషన్ మాట ఎత్తుతారు. ఆటగాళ్ళకి మొదటిసారికే సలహా ఇచ్చే సర్జన్లూ ఉన్నారు, అందులో తప్పేం లేదు. ప్రతిసారి జారినప్పుడూ అంచు ఇంకాస్త అరుగుతుంది కాబట్టి, లెక్క పెట్టుకుంటూ ఏళ్ళు గడపడం మాత్రం తప్పు. నేను అదే చేశాను.

ఎక్కువగా చేసేది కీహోల్ ఆపరేషన్. చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, తెగిన గట్టుని తిరిగి అంచుకి తెచ్చి, యాంకర్లనే చిన్న మేకులతో దారాలు వేసి కడతారు. గిన్నె అంచు బాగా, అంటే దాదాపు ఐదో వంతు దాకా పోయి ఉంటే అది చాలదు. అప్పుడు భుజం ముందున్న చిన్న ఎముక కొక్కేన్ని కోసి తెచ్చి, అంచుకి స్క్రూలతో బిగిస్తారు. 1954లో ఫ్రాన్స్ సర్జన్ లతర్జే చెప్పిన పద్ధతి, ఆయన పేరే దీనికి. మీ సర్జన్‌ని ఈ మూడూ అడగండి: నా ఎముక ఎంత పోయింది, ఏ ఆపరేషన్ చేస్తారు, ఎందుకు అదే?

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చేసరికి నా పక్కన ఎవరిదో చెయ్యి పడుకుని ఉన్నట్టనిపించింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది, నాది కాదు. మెడ దగ్గర నరానికి ఇచ్చిన మత్తు వల్ల అలా ఉంటుందని ముందు చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. కొన్ని గంటలకి, ఒక్కోసారి మరుసటి రోజుకి, స్పర్శ వస్తుంది. మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకోండి.

మూడు నుంచి ఆరు వారాలు స్లింగ్. ఒళ్ళు తగిలే ఆటకి దాదాపు ఆరు నెలలు. 2021 మార్చిలో పుణె వన్డేలో ఫీల్డింగ్ చేస్తూ శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజం జారింది. ఏప్రిల్‌లో ఆపరేషన్, సెప్టెంబర్‌లో మళ్ళీ ఐపీఎల్. ఎప్పుడూ వెంట ఫిజియోలున్న మనిషికే అంత కాలం పట్టింది. రెండు నెలలకే దిగుదామనుకునే మా పిల్లలకి నేను ఈ తేదీలే చెబుతాను.

డబ్బు సంగతి?

యాంకర్ల ఖర్చే ఎక్కువ. ఎన్ని వేస్తారో, ఒక్కోటి ఎంతో, బిల్లులో విడిగా రాస్తారో లేదో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికి ఎమ్మారై రిపోర్టుతో వెళ్ళి, మీకు రాసిన ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో పేరుతో సహా కనుక్కోండి. హైదరాబాద్ నిమ్స్, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ఆర్థో విభాగాలున్నాయి, ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి. అన్నిటికన్నా ఫిజియో డబ్బు విడిగా పక్కన పెట్టుకోండి. ఆపరేషన్‌కి అప్పు చేసి ఫిజియోకి లేక ఆగిపోయిన ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరికీ చెయ్యి సగమే లేస్తుంది.

కానిస్టేబుల్ ఈవెంట్స్ దగ్గర పడ్డాయి. ఏం చేయను?

తెలంగాణ ఈవెంట్స్‌లో షాట్‌పుట్ ఉంటుంది. మగవాళ్ళకి 7.26 కిలోల గుండు. మానీమానని భుజంతో అది విసరడం పందెం కాయడమే. పరుగు, లాంగ్‌జంప్ ప్రాక్టీసు ఆపకండి, గుండు మాత్రం ఫిజియో సరేనన్నాకే, తక్కువ బరువుతో మొదలుపెట్టండి. విసురులో సగం బలం కాళ్ళదీ నడుముదీ, ఈలోపు వాటిమీద పడండి. సైన్యంలోకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక చేదు నిజం: పదేపదే జారే భుజం మెడికల్‌లో తిరస్కరణకి కారణమవుతుంది, ఆపరేషన్ అయినా సరే. ఏళ్ళు కోచింగ్‌లో పెట్టకముందే ఆర్మీ మెడికల్ నియమాలు తెలిసినవాళ్ళని అడగండి.

జిమ్‌కి వెళ్ళొచ్చా?

కాళ్ళకీ పొట్టకీ మొదటి నెల నుంచే. భుజానికి, బార్‌ని మెడ వెనక్కి దించేవి, బాగా కిందికి దిగే బెంచ్‌ప్రెస్, డిప్స్, వేలాడుతూ చేసే పుల్లప్స్ చివరికి. చెయ్యి ఎప్పుడూ మీ కంటికి కనిపించేంత ముందే ఉండాలన్నది ఒక మంచి గుర్తు.

ఇంట్లో ఆట మానేయమంటున్నారు.

మా ఇంట్లో నాయనమ్మ "ఆడపిల్ల చెయ్యి, రేపు పెళ్ళి చూపుల్లో ఏం చెప్తాం" అంది. నాన్న ఏమీ అనలేదు, జెర్సీ తీసి బీరువాలో పెట్టేశాడు. వాళ్ళ భయం అబద్ధం కాదు, ప్రతిసారీ రాత్రిపూట నన్ను ఆసుపత్రికి మోసింది వాళ్ళే. నాకు పనికొచ్చిన పద్ధతి ఏంటంటే, నాన్నని డాక్టర్ దగ్గరికి నాతో లోపలికి తీసుకెళ్ళాను. బయట కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఆయన అడగాల్సినవి ఆయనే అడిగాడు. ఎప్పటికి ఆడొచ్చు, ఏం చూసి ఆడనివ్వాలి అన్నది డాక్టర్ నోట విన్నాక, ఆ షరతులకి కాపలా కాసింది ఆయనే. ట్యూబు లాగావా అని రోజూ అడిగేవాడు.

టీంకి దూరమయ్యాను. ఏం చేసినా దిగులుగా ఉంది.

దీని గురించి ఎవరూ మాట్లాడరు. చేతికి స్లింగ్ ఉంటే అందరూ ఎలా ఉందని అడుగుతారు, తీసేశాక ఎవరూ అడగరు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. బయటికి మామూలుగా కనిపిస్తాం, కోర్టులోకి మాత్రం దిగలేం. వాట్సాప్ గ్రూపులో మ్యాచ్ ఫొటోలు వస్తుంటే నేను గ్రూపు నుంచి బయటికొచ్చేశాను. అది తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

మా కోచ్ సార్ ఫోన్ చేసి, "స్కోరు రాయడానికి మనిషి లేరమ్మా, రా" అన్నారు. గట్టు మీద కూర్చుని స్కోరు రాస్తూ రాస్తూ, రైడర్ ఏ కాలు ముందు వేస్తే ఎటు తిరుగుతుందో చూడడం నేర్చుకున్నాను. ఆడేటప్పుడు అంత నింపాదిగా ఎప్పుడూ చూడలేదు. మీరూ గ్రౌండ్‌కి వెళ్ళడం మానకండి. నిద్ర, తిండి రెండూ పోయి, దేనిమీదా ఆసక్తి లేక రెండు వారాలు దాటితే అది భుజం నొప్పి లాంటిదే, డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

అంతా బాగైందన్నారు. కానీ మళ్ళీ జారుతుందేమోనని భయం పోవడం లేదు.

ముందు కొలతలు చూసుకోండి. రెండు చేతులూ ఒకే ఎత్తుకి లేస్తున్నాయా? బయటికి లాగే బలం రెండో చేతితో పోలిస్తే పదింట తొమ్మిది వంతులైనా ఉందా? పక్కకి పడి దొర్లి లేవగలుగుతున్నారా? ఇవి లేకుండా భయం పోతే అదే ప్రమాదం.

ఇవన్నీ ఉండి కూడా భయం ఉంటే దాన్ని మెట్లుమెట్లుగా దించాలి. నేను మొదట ఇసుకలో పడడం, తర్వాత మ్యాట్ మీద, తర్వాత ఒక్కరే నెమ్మదిగా రైడ్‌కి వస్తుంటే యాంకిల్ హోల్డ్ పట్టడం చేశాను. చైన్ అన్నిటికంటే చివర. ఏడో నెలలో ఒక సాయంత్రం పక్కన నిలబడ్డ జూనియర్ నా కుడి చేతి వేళ్ళు రెండే పట్టుకుంది. "గట్టిగా పట్టుకోనా అక్కా?" అంది. ఆ రోజుకి మణికట్టు వద్దులే, వేళ్ళే పట్టుకో అన్నాను. మణికట్టు పట్టనివ్వడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది.